ఎర్ర పేక, నల్ల పేక

బట్ట కనబడితే నా చేతులు ఊరుకోవు. ఎవరి ఒంటి మీద ఉన్నా సరే, అంచు పట్టుకుని నలపాలి, వేళ్ల మధ్య రుద్దాలి, వీలైతే ఒక పోగు లాగాలి. అగ్గిపెట్టె దొరికిందంటే ఇక చెప్పనక్కర్లేదు. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. పట్టయితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. పాలిస్టర్ మాత్రం కరిగి, ముడుచుకుని, కొసకు గట్టి నల్ల పూసై కూచుంటుంది. వేములవాడ లాడ్జిలో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు మగపెళ్లివారు పట్టుచీర అని తెచ్చినదాని కొంగులోంచి పోగు తీసి అందరి ముందే కాల్చాను. పూస తేలింది. లాడ్జి లాడ్జంతా గొడవ. మా ఆయన నన్ను రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చి, "నీ చేతులకు దండం బెడత, జెర జేబుల వెట్టుకో" అన్నాడు. చీరకు జేబులెక్కడివి, నీ జేబులో పెట్టుకొమ్మంటావా అన్నాను. కోపంలో కూడా నవ్వేశాడు.

సిరిసిల్లలో పుట్టినవాళ్లకు ఈ రోగం కొత్తేం కాదు. పెళ్లికి ముందు నేను కండెలు చుట్టేదాన్ని. మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే చిన్న కర్రలకు పేక నూలు, అంటే అడ్డపోగు, చుట్టే పని అది. మా ఆయన అదే షెడ్డులో సాంచలు నడిపేవాడు. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. ఒక తాను నేయడం అయిపోయిన చోట, ఇక్కడ కత్తిరించాలని గుర్తుగా రంగు పేక వేస్తారు. అందరూ చేతికి ఏ రంగు దొరికితే అది వేసేవారు. ఆయన మాత్రం ఎర్ర పేక వేసి, దాన్ని ఆనుకుని నల్ల పేక వేసేవాడు. ఎర్రది నేనట, నల్లది తనట. "సిగ్గు లేదా, సేటు బట్ట మీద మన ముచ్చట రాస్తున్నవ్?" అని తిట్టేదాన్ని. తిడుతూనే ఎర్ర కండె ఒకటి చుట్టి ఆయన కోసం పక్కన దాచేదాన్ని. పెళ్లయ్యాక నాకు గోదాంలో బట్ట చూసే పని దొరికింది. తానును బల్ల మీద పరిచి పేక తప్పిందా, నూనె మరక పడిందా, అంచు గుంజుకుపోయిందా అని చూడటం. ఊరికే కూచోలేని నాకు ఆ పని బాగా కుదిరింది.

తర్వాత సాంచలు ఒకటొకటే ఆగిపోయాయి. నేసిన బట్ట గోదాముల్లోనే ఉండిపోయింది. పొద్దున లేస్తే సందులో చప్పుడు లేకపోవడం భరించలేకపోయేదాన్ని, ఇంట్లో ఎవరో పడకేసినట్టుండేది. మూటలు కట్టుకుని మా వాడ వాళ్లు బొంబాయి పక్కన భివండికి బస్సెక్కుతుంటే రోజూ చూసేవాళ్లం. మా ఆయన భివండికి పోనన్నాడు. "గక్కడ గూడ సాంచలే గద. సచ్చేదాక సాంచలేనా?" అన్నాడు. దుబాయ్ అన్నాడు. జగిత్యాలలో ఒక ఏజెంటును పట్టుకున్నాడు. బొంబాయి మీంచి విమానం అని చెప్పి వెళ్లిపోయాడు.

అప్పుడప్పుడు మా మూల మీది కిరాణా కొట్టుకు ఫోన్ చేసేవాడు. పైలమే, పని దొరికింది, ఫోనుకు పైసలు ఎక్కువైతయి, పెట్టేస్తున్న, అంతే. వెనక సాంచల చప్పుడు వినబడేది. కొట్టు వెనక సందులో ఇంకా కొన్ని సాంచలు ఆడుతున్నాయి, ఆ చప్పుడే అనుకునేదాన్ని. అది ఫోన్లోదా, సందులోదా అని సిరిసిల్లలో ఎవరు ఆలోచిస్తారు?

అన్న కుదురుకున్నాడని మా మరిదికి కూడా ఆశ పుట్టింది. వాడూ సాంచలు నడిపినవాడే, ఖాళీగా ఉన్నాడు. అదే ఏజెంటు దగ్గరికి పోయి పాస్‌పోర్టు ఇచ్చి వచ్చాడు. ప్రయాణం దగ్గర పడింది. సరిగ్గా అప్పుడే, కోరుట్లలో ఒకాయన దుబాయ్ నుంచి వచ్చాడు, మీ ఆయన బట్టలు పంపాడట, వచ్చి తీసుకుపొమ్మన్నాడు అని కబురొచ్చింది. నేను ఆగుతానా? దొరికిన బస్సెక్కి కోరుట్ల పోయాను.

ఆ కోరుట్లాయన తాళ్లెక్కి కల్లు గీసే పని వదిలి దుబాయ్ పోయి వచ్చినవాడు. వాకిట్లో బర్రెను కట్టేస్తున్నాడు. సంచీ తెచ్చి నా చేతికిచ్చాడు.

"మా ఆయన ఎట్లున్నడన్నా?"

"మంచిగనే ఉన్నడు చెల్లె."

"ఏం పని జేస్తున్నడు?"

"పనా... గదే, పని. ఛాయ్ తాగుతవా?"

"ఛాయ్ తర్వాత. నీకు యాడ గలిసిండు?"

"నేను అచ్చేటప్పుడు తెచ్చిచ్చిండు. గక్కడి షేకులు తొడుగుతరు సూడు, గా తెల్లబట్టనట. అంగీలు కుట్టించుకోమన్నడు."

నా మొహం చూడకుండా బర్రె తాడునే సవరిస్తున్నాడు. కట్టిన ముడినే మళ్లీ కడుతున్నాడు.  ఛాయ్ తాగకుండానే వచ్చేశాను.

బస్సు చందుర్తి దాటేదాకా కూడా ఓపిక పట్టలేకపోయాను. సంచీ ఒళ్లో పెట్టుకుని లోపలికి చెయ్యి పెట్టాను. పెట్టగానే ఆగిపోయాను. గరుకు. తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంజి వాసన, దాని కింద సాంచ నూనె వాసన. తెల్లబట్ట అన్నాడు గాని ఆ తెలుపులో సన్నగా పసుపు ఉంది. కోరా బట్ట! సాంచ మీంచి దింపాక ఉడకబెట్టాలి, తెల్లగా చెయ్యాలి, అప్పుడు గాని దుకాణానికి పోదు. ఇది ఇంకా ఏ ఫ్యాక్టరీ మొహమూ చూడలేదు. కోరా బట్ట తొడిగే షేకు ఎవడు? కోరా బట్ట అమ్మే దుకాణం దుబాయ్‌లో ఎక్కడుంటుంది?

మడతలన్నీ విప్పడం మొదలుపెట్టాను. బట్ట పక్క సీటామె మీదికి పోయింది.

"ఏందమ్మా, బస్సుల దుకాణం వెట్టినవా?" అంది ఆమె.

"జెరాగు అక్కా, నీకు పుణ్యముంటది."

చివరి మడతలో, కొసన, దొరికింది. ఎర్ర పేక. దాన్ని ఆనుకుని నల్ల పేక.

ముందు ఒళ్లు మండింది. ఇన్నాళ్లు నాకు అబద్ధం చెప్పాడా అని. ఆ వెంటనే, బతికే ఉన్నాడు, ఎక్కడో సాంచల మధ్యే ఉన్నాడు అని ఏడుపొచ్చింది. ఎక్కడో ఏమిటి, భివండిలోనే. పోనుగాక పోను అన్న భివండిలోనే. దుబాయ్ నుంచి దిగిన కోరుట్లాయనను బొంబాయిలో పట్టుకుని సంచీ ఇచ్చి ఉంటాడు. కళ్లు తుడుచుకునేసరికి మరిది గుర్తొచ్చాడు. వాడు అదే ఏజెంటు వెంట పోబోతున్నాడు. ఎల్లుండే.

ఇంటికి వచ్చాను. మా అత్తమ్మ సంచీ అందుకుని బట్టను రెండు చేతుల్లో పట్టుకుంది. అంచు మీద బొటనవేలితో ఒకసారి రుద్దింది. వాడకట్టు ఆడవాళ్లు గుమ్మంలో చేరారు. "నా కొడుకు దుబాయ్‌కెల్లి పంపిండు" అని వాళ్లకు చూపించి, ఎవరూ ముట్టుకోకముందే పెట్టెలో పెట్టేసింది. అంత మురిపెమా అనుకున్నాను నేను.

ఆ రోజూ, మర్నాడు పొద్దునా నాకు కాలు ఒక్క చోట నిలవలేదు. పొయ్యి దగ్గరికి పోతాను, వాకిట్లోకి వస్తాను, కడిగిన గిన్నెలే కడుగుతాను. చెప్తే మా ఆయన పరువు వాడంతా పోతుంది. దుబాయ్ అని చెప్పి భివండిలో దాక్కున్నాడని నవ్వుతారు. చెప్పకపోతే మరిది పోతాడు. అన్నకైతే చేతిలో పనుంది, బొంబాయిలో దిక్కు తోచకపోయినా భివండి పోయి బతికాడు. వీడు తొందర మనిషి, ఉడుకు రక్తం, ఏమవుతాడో ఎవరికి తెలుసు? నా మీద నాకే విసుగొచ్చింది. పరాయివాళ్ల పట్టుచీర కాల్చడానికి లేచిన చెయ్యి, ఇంట్లో బట్ట దగ్గరికి వచ్చేసరికి చచ్చుబడిందేమిటి?

మధ్యాహ్నం అన్నం తింటూ మరిదే అన్నాడు. "వదినె, అన్న పంపిన బట్టల నాకొక అంగీకి గోసియ్యి. కొత్తంగి దొడుక్కొని విమానమెక్కుత."

ఇక నావల్ల కాలేదు. పెట్టె తెరిచాను. బట్ట తీసి, ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీయబోయాను. అత్తమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"కాల్చకు పిల్లా."

"ఎందుకత్తమ్మా?"

"నాకెరికనే. నిన్న చేతుల వట్టంగనే తెలిసింది. నా బతుకంత కోరాబట్టే గద, గుర్తువట్టనా?"

"మరి చెప్పలేదేంది?"

"నువ్వెందుకు చెప్పలే?" అంది. నా చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుంది. "నా కొడుకు పానంతోనున్నడు, గంతే సాలనుకున్న. పొద్దటిసంది చిన్నోని దిక్కు సూస్తున్న, నోరు వస్తలేదు బిడ్డా."

"ఏంది? ఏం మాట్లాడుతున్నరు మీరిద్దరు?" అని మరిది కంచం పక్కకు జరిపాడు.

బట్ట కొస తెచ్చి వాడి ముందు పెట్టాను. వాడు అన్న పక్కన పని నేర్చుకున్నవాడు. ఎన్ని తానులు ఆ గుర్తు దగ్గర కత్తిరించాడో. ఎర్ర పేక మీద వేలు పెట్టి అట్లాగే ఉండిపోయాడు.

"అన్న దుబాయ్ పోలేదా?"

"పోలే. గా ఏజెంటు బొంబైల ఇడిసిపెట్టిండో ఏమో. భివండిల సాంచ నడుపుతున్నడు తమ్మీ."

"నాతోటి గూడ అబద్ధమాడిండా!" అని లేచాడు. సర్దిపెట్టుకున్న బ్యాగును కాలితో తన్నాడు. నేను పోతా, నాకట్లా కాదు, నా నసీబు వేరు అని అరిచాడు. అత్తమ్మ పోయి గడప మీద అడ్డంగా కూచుంది. "పో బిడ్డా. నా మీదికెళ్లి దాటి పో" అంది. వాడు దాటలేదు. చాలాసేపు గోడకు తల ఆనించి నిలబడ్డాడు. మర్నాడు జగిత్యాల బస్సెక్కాడు గాని పాస్‌పోర్టు తెచ్చుకోవడానికి. దాని కోసం ఆఫీసు ముందు పెద్ద లొల్లే పెట్టుకున్నాడట. తిరిగొచ్చి, ఆకలైతంది వదినె అన్నాడు. వేడి వేడి అన్నం వండి పెట్టాను.

కొన్నాళ్లకు కిరాణా కొట్టుకు ఫోనొచ్చింది. తిట్టాల్సినవన్నీ తలలో వరస పెట్టుకుని ఉరికాను.

"బట్ట ముట్టిందా?" అన్నాడు.

"ముట్టింది."

"మంచిగున్నదా?"

ఎంత తిట్టాలనుకున్నానో, నోట్లోంచి మాత్రం గోదాం మాటే వచ్చింది. "పేక మంచిగ వడ్డది. యాడ తప్పు లేదు. ఎడమ దిక్కు అంచు జెర గుంజుకపోయింది."

 నేను రెండో చెవి గట్టిగా మూసుకున్నాను. సందులోని చప్పుడు ఆగింది. ఫోన్లోది ఆగలేదు.

"సాంచ పాతది," అన్నాడు చివరికి. "ఎంత సరిజేసినా గుంజుతనే ఉన్నది."

కొట్టులో మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చేశాను. "గంత దాచెటోనివి, గా ఎర్రపేక ఎందుకు గొయ్యలేదయ్యా?"

"కోద్దామనే కత్తెర వట్టిన. కోస్తే నేను దుబాయ్‌లనే ఉన్ననని నువ్వు గూడ నమ్ముతవ్. గప్పుడిగ నేను ఇంటికెట్ల రావాలె?"