పైకి పంపే ఉద్యోగం

శశిభూషణ్ పురుగుమందుల కంపెనీలో ఏరియా మేనేజర్. పదకొండేళ్లుగా అతని పని ఒక్కటే. కింద ఆరుగురు ఫీల్డ్ మనుషులు రాసిందంతా ఒక్క కాగితం చేసి హైదరాబాదుకు పంపడం, అక్కణ్ణుంచి వచ్చిన చీవాట్లను ఆరు వాటాలు వేసి కిందికి పంచడం. గుంటూరు బ్రాడీపేటలో ఏసీ గది, తలుపు మీద పేరు.

వేసవిలో యాప్ వచ్చింది. ఫీల్డ్ మనిషి మిరపచేలో నిలబడి నొక్కింది నేరుగా హైదరాబాదులో కనిపిస్తోంది. ఇక మధ్యలో మనిషెందుకు? మనదంతా ఒకే కుటుంబమని ఏటా కేకు కోయించిన కంపెనీ పెద్దాయనే ఫోన్ చేశాడు. సెటిల్‌మెంట్ పుచ్చుకుని వెళ్లొచ్చు, లేదా ఫీల్డులోకి దిగొచ్చు. దిగితే మూడు నెలలు చూస్తారు, పనికిరాకపోతే ఇంటికే. యాభై ఒకటో ఏట ఇంకో కంపెనీలో ఆ కుర్చీ దొరుకుతుందా అంటే, అక్కడా అదే కుర్చీని తీసేస్తున్నారు. శశిభూషణ్ దిగాడు.

"ఇప్పుడు మనిద్దరిదీ ఒకటే పని సార్," అన్నాడు సాయిగణేష్, మొన్నటిదాకా అతని కింద పనిచేసినవాడు.

"ఇంకా సార్ ఎందుకయ్యా?"

"అలవాటు సార్. చేలోకి మాత్రం ఆ బూట్లొద్దు."

మొదటి రోజే ప్రత్తిపాడు దగ్గర ప్రేమమ్మ కౌలుచేను. ముడుచుకుపోయిన మిరప కొమ్మ తుంచి అతని చేతిలో పెట్టింది. "ఏం కొట్టమంటావు సారూ?"

"ఫొటో పైకి పంపిస్తాను. రెండ్రోజుల్లో చెప్తారు."

"ఆకు నీ చేతిలో ఉంటే పైకెక్కడికి పంపుతావయ్యా? నువ్వేమన్నా పోస్టుమేనువా?"

శశిభూషణ్ గొంతుక్కూర్చున్నాడు. ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఉద్యోగంలో చేరిన ఏడాది నేర్చుకున్న పాఠం. ఆ రెండు మాటలూ రిపోర్టుల్లో వేలసార్లు కొట్టాడు గానీ, ఆకు పట్టుకుని ఎన్నాళ్లయిందో! అంచులు కిందికే ఉన్నాయి. తిరగేసి భూతద్దం పెట్టాడు. తెల్లటి నలుసులు కదులుతున్నాయి. అయినా నమ్మకం చాలక ఇంకో నాలుగు మొక్కలు చూశాడు.

"నల్లే ప్రేమమ్మా. గట్టుమీద పెట్టిన ఆ డబ్బా తామరపురుగు మందు. దీనికి పనిచెయ్యదు. గంధకం కొట్టు."

"ఆ డబ్బా మీ కంపెనీదేగా?"

"మాదే."

ఆమె నవ్వింది. "తగ్గకపోతే ఎవర్ని తిట్టుకోను?"

ఈ ప్రశ్నకు చెప్పడానికి ఇన్నాళ్లూ ఇంకొకరి పేరుండేది.

"నన్నే. వచ్చే సోమవారం వస్తా."

"నువ్వే రావాలి. ఎవర్నో పంపడం కాదు."

"పంపడానికి ఎవరున్నార్లే," అంటూ లేచి మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు.

సోమవారానికి కొత్త చిగుళ్లు ముడత లేకుండా చదునుగా వచ్చాయి. మూడు నెలల్లో ఒక వారం గడిచింది.