వడియాల చీర మీద మార్ష్‌మెలోలు

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. బడిలో ఎత్తు రాసుకోమంటే పక్కవాడి ఎత్తు కూడా నాదాంట్లో కలిపి రాసుకున్నవాణ్ణి. అందుకని ఇందులో మంటలు అన్నచోట నాలుగు బొగ్గులనీ, జనసముద్రం అన్నచోట పదకొండు మందనీ మీరే సర్దుకోండి. ఒక్క నా కుళ్ళు విషయంలో మాత్రం సర్దుకోనక్కర్లేదు. దాన్ని నేనెంత పెంచి చెప్పినా అసలుకి తక్కువే.

ఎనభయ్యో దశకం మొదట్లో మాట. భిలాయి సెక్టర్ 4లో మాది పై అంతస్తులో క్వార్టరు. నాన్న స్టీలు ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేసేవాడు. మంగళవారం హనుమంతుడికి కొబ్బరికాయ కొట్టేవాడు. అమ్మ ఆదివారం ఖుర్సీపార్‌లో తెలుగు చర్చికి వెళ్ళేది. నేను రెండు చోట్లకీ వెళ్ళేవాణ్ణి. రెండు చోట్లా ఏదో ఒకటి తినడానికి పెట్టేవారు మరి.

ఈస్టరుకి అమ్మ కప్పు కేకులు చేసేది. దేశంలో రైళ్ళన్నిటికీ పట్టాలు పంపే ఊళ్ళో కేకు పోసుకోడానికి ఒక్క అచ్చు దొరికేది కాదు. అందుకని వీధి వీధంతా తిరిగి, పంజాబీ చాచీ దగ్గర్నుంచి మలయాళీ టీచరమ్మ దాకా, పప్పు తినే స్టీలు కటోరీలన్నీ అడిగి తెచ్చేవాళ్ళం. ఈస్టరు ముందు శనివారం మా వీధిలో ఎవరింట్లోనూ పప్పు ఉండేది కాదు. నోటుపుస్తకం కాగితాలు గుండ్రంగా కత్తిరించి, వనస్పతి రాసి, కటోరీల్లో పరిచి పిండి పోసేవాళ్ళం. ఇసక పోసిన పెద్ద గిన్నెలో వాటిని పేర్చి, బొగ్గుల సిగిడీ మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేది అమ్మ. ప్లాంటులో కొలిమి దగ్గర కూడా అంత వేడి ఉండదని నాన్న అనేవాడు. అన్నాడో లేదో గాని, మొహం మాత్రం అలాగే పెట్టేవాడు.

ఇందులో నా పాత్ర ఏమిటంటారా? అలంకారం. దించిన కేకు మీద చక్కెర పాకం రాసి, దాని మీద గులాబీరంగు, తెల్లరంగు సోంపు మిఠాయి గింజలు చల్లి, మధ్యలో ఎర్రటి టూటీఫ్రూటీతో శిలువ పెట్టేవాణ్ణి. నాలుగేళ్ళు పెట్టాను. మా ఇంట్లో ఒక చట్టం ఉండేది: కేకులు ఎవరు అలంకరిస్తే చర్చికి పళ్ళెం వాళ్ళే పట్టుకెళ్ళాలి. తెల్లవారుజాము ఆరాధన అయ్యాక పిల్లలంతా వరసలో నిలబడితే, నేను ఆ పళ్ళెం పట్టుకుని మధ్యలోంచి నడిచేవాణ్ణి. పాస్టరమ్మగారు నా తల నిమిరి, "ఈ శిలువలన్నీ నువ్వే పెట్టేవా నాన్నా?" అని అందరికీ వినపడేలా అడిగేవారు. చదువులో, ఆటలో, పాటలో ఎక్కడా నన్ను ఎవరూ ఏమీ అడగని జీవితంలో ఆ ఒక్క ప్రశ్న కోసం ఏడాదంతా బతికేవాణ్ణి.

ఆ ఏడు గుడ్ ఫ్రైడే సాయంత్రం మా మావయ్య కూతురు దిగింది. మావయ్య బిలాస్‌పూర్‌లో రైల్వే గార్డు. నాకు పదమూడేళ్ళు, ఆ పిల్లకి పన్నెండు. రెండు జడలు, పాలిష్ పెట్టిన బూట్లు, తెలుగులో మొదలెట్టి హిందీలో ముగించే మాట. వాళ్ళ పిన్ని ఒకావిడ లండన్‌లో నర్సు. ఆవిడ పంపిన గులాబీ, తెలుపు మిఠాయిల పొట్లం ఒకటి సంచీలోంచి తీసి అమ్మ చేతిలో పెట్టింది.

"అత్తా, మార్ష్‌మెలో! వీటితో కేకుల మీద కుందేళ్ళు చేద్దాం, లండన్‌లో ఈస్టరుకి అవే అట. కైంచీ ఉందా?"

అమ్మ కత్తెర తెచ్చింది. ఆ పిల్ల ఒకదాన్ని ఏటవాలుగా కోసి, కోసిన తడివైపు గులాబీరంగు చక్కెరలో అద్ది, రెండు ముక్కలు నిలబెట్టింది. చెవులు! ఆ చెవులు నా వైపే తిరిగి ఉన్నట్టు అనిపించింది నాకు.

నాన్న ఒకటి తీసి వేళ్ళతో నొక్కి చూశాడు. "ఫోము పరుపు ముక్కలా ఉందేటిది. అయినా ఏసుప్రభువు లేచినరోజు కుందేలుకేటి పని?"

"హనుమంతుడి గుడికెళ్ళే మనిషికి మా కుందేలుతో ఏటి పని?" అంది అమ్మ. అని నా వైపు తిరిగి, ఉప్పు అందించమన్నంత తేలిగ్గా, "ఒరే, ఈ యేడు అలంకారం మరదలు చేస్తాది. నువ్వు కటోరీలు తేరా," అంది.

కటోరీలు! నాలుగేళ్ళ ప్రధాన అలంకర్తని కటోరీలు తెమ్మంది. నా కడుపులో సిగిడీ ఎవరో ముట్టించి మూత మీద కూడా నిప్పులు పోశారు.

"మరి పళ్ళెం?" అన్నాను.

"అలంకరించినవాళ్ళే కదేటి!" అంది అమ్మ, చట్టం నేనే మరిచిపోయినట్టు.

"టెన్షన్ మత్ లో బావా, నువ్వు నా వెనక నడుద్దువుగాని," అంది మరదలు. నిజంగా జాలిపడి అంది. అదే భరించలేకపోయాను. వెక్కిరించి ఉంటే తిరిగి వెక్కిరించేవాణ్ణి.

ఆ రాత్రి నా కుళ్ళుకి నిద్రపట్టలేదు. మర్నాడు పొద్దున ఎవరూ చూడకుండా పొట్లంలోంచి ఒకటి నోట్లో వేసుకున్నాను. నమిలేలోగా కరిగి మాయమైంది. రుచి దివ్యంగా ఉంది. దాంతో కుళ్ళు రెట్టింపయింది.

ఇక్కడ అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ప్లాంటు ఎర్రదుమ్ము మీద అమ్మది జీవితకాలపు యుద్ధం. తీగ మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి కాషాయం పుచ్చుకునే ఊరది. బయట్నుంచి వచ్చిన ఏ వస్తువునైనా కడగనిదే గడప దాటనిచ్చేది కాదు. కూరలు, గుడ్లు, బెల్లం అచ్చు, చివరికి కొత్త సబ్బుబిళ్ళని కూడా కడిగిగాని వాడేది కాదు. దానికి తోడు ఆ రోజు మేడ మీద వడియాలు పెట్టింది.

శనివారం మధ్యాహ్నం. కేకులన్నీ దిగాయి. ముప్ఫై ఆరు, ఒకదాన్ని మించి ఒకటి ఉబ్బి. సాయంత్రం చల్లబడ్డాక కుందేళ్ళు చేద్దామని మరదలు ఓ కునుకు తీసింది. లేచి చూస్తే పొట్లం ఖాళీ.

ఇల్లంతా వెతికాం. ఆఖరికి మేడ మీద కనిపించాయి. అమ్మ అలవాటు చొప్పున మార్ష్‌మెలోలని చిల్లుల గిన్నెలో వేసి శుభ్రంగా కడిగి, వడియాలు పెట్టిన పాత చీర కొసన వరసగా ఆరబెట్టేసింది. ఏప్రిల్ నెల భిలాయి ఎండ. పిచ్చుకలు కూడా చెప్పులేసుకుని తిరిగే ఎండ. లండన్ మిఠాయి అంతా కరిగి, చీరకి అతుక్కుని, గులాబీ తెలుపు కలిసి ఒక సరస్సై, పక్కనున్న వడియాల్లో ఒక వరసని ముంచేసింది.

మరదలు ఆ చీర ముందు కూలబడి ఏడ్చింది. పెద్దగా కాదు. పెదవి బిగబట్టి, జడ కొస నోట్లో పెట్టుకుని.

పక్క మేడ మీద మిరపకాయలు ఎండబెడుతున్న పంజాబీ చాచీ గోడ మీంచి వంగింది. "అరే, మీ వడియాలు జెల్లీ అయిపోయాయేంటి?"

అమ్మ ఆ చీరని చూసింది. చిల్లుల గిన్నెని చూసింది. ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత మరదలి పక్కన కూచుని, "ఓలమ్మో, నానే కడిగీసేనే తల్లీ. దుమ్ము పడిందేటోనని కడిగీసేను. ముసిలిదాన్నయిపోతన్నాను, ఏడవకే," అంది. అప్పటికి అమ్మకి నలభై కూడా లేవు.

నాన్న మేడెక్కి వచ్చి పరిశీలించి, "పదిహేనేళ్ళు కాపరం చేస్తే నన్నూ కడిగి ఆరేసింది, మిఠాయెంతమ్మా," అన్నాడు. మరదలు ఏడుపులోనే నవ్వింది.

అమ్మ అట్లకాడ తెచ్చి ఆ సరస్సునంతా గీకింది. మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి, అందులో వేసి గిలక్కొట్టింది. ఒకటి రెండు నూలుపోగులు తీసేస్తే లేత గులాబీరంగులో మెరిసే పూత తయారైంది. కేకుల మీద పూస్తుంటే మరదలు నా దగ్గరికి వచ్చింది.

"బావా, నీ సోంపు మిఠాయి ఇస్తావా? దీని మీద చల్లుదాం."

ఇచ్చాను. రాజ్యం దానం చేసినట్టు మొహం పెట్టి ఇచ్చాను. శిలువలు కూడా పెట్టాను.

మర్నాడు తెల్లవారాక పళ్ళెం ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. చర్చిలో జనసముద్రం. ఆ పూత పిల్లలందరికీ గులాబీ మీసాలు మొలిపించింది. పాస్టరుగారి పెదాలు రెండూ అతుక్కుపోయి, ఆ రోజు ముగింపు ప్రార్థన ఆ సంఘం చరిత్రలోకెల్లా పొట్టి ప్రార్థన అయింది. జనం ఆయనకి మళ్ళీ కేకు పెట్టమన్నారు.

పాస్టరమ్మగారు వేళ్ళు నాక్కుంటూ, "ఇది ఎవరి తెలివి?" అని అడిగారు. నా నోరు తెరుచుకునే లోపలే మరదలు చెప్పేసింది.

"అత్త కడిగింది, బావ చల్లేడు, నేను ఏడ్చేను."

చర్చి మొత్తం గొల్లున నవ్వింది. ఆవిడ మరదలి బుగ్గ పుణికారు. నా తల వైపు చెయ్యి రాలేదు. ఏడ్చి కూడా గెలిచింది చూడండి.

సరే. ఇప్పుడు సర్దుబాట్లు. కేకులు ముప్ఫై ఆరు కావు, ఇరవై. పాస్టరుగారి పెదాలు అతుక్కోలేదు, ఆయన మామూలుగానే అరగంట ప్రార్థించారు. పిచ్చుకలకి చెప్పులు లేవు. ఇవి పెంచినవే గాని, అబద్ధాలు కావు. పూర్తిగా అల్లింది ఇందులో ఒక్కటే: అమ్మ కడిగిందన్న ముక్క.

కడిగింది నేను. పొద్దున ఒకటి నోట్లో కరగడం చూశాక తెలిసే కడిగాను. అమ్మ పనిలాగే కనపడాలని చిల్లుల గిన్నె వాడాను, వడియాల చీర మీదే ఆరబెట్టాను. మేడ మీద అమ్మ నా వైపు చూసినప్పుడు నా చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి, వేళ్ళు గులాబీరంగులో ఉన్నాయి. ఆ అబద్ధం నేను ఆడలేదు, అమ్మ ఆడింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, పదిమంది చేరిన ప్రతిచోటా నేను ఈ కథ చెప్పి అందర్నీ నవ్వించాను. అమ్మ కూడా పక్కన కూచుని, తన మీద నవ్వే వాళ్ళతో కలిసి నవ్వేది. ఒక్కసారీ దిద్దలేదు.

ఆ శనివారం సాయంత్రం అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చిల్లుల గిన్నె తోముతూ, తలెత్తకుండా, "వచ్చే యేడు పళ్ళెం ఆ గుంటొక్కర్తే పట్టుకుంటాది," అంది.

మరుసటి ఈస్టరుకి మరదలు ఒక్కతే పట్టుకుంది. నేను వెనక నడిచాను. అందులో పెంచి చెప్పింది ఏమీ లేదు.