ఒకే గదిలో ఏడు పాటలు

రికార్డింగ్ ఇంజినీరుగా నా చివరి ఉద్యోగం గోపాలపట్నంలోని ఒక ప్రైవేటు స్టూడియోలో. రిటైరవడానికి ఏడాది ముందు, జూన్ నెలలో, శామ్యూల్ అనే గిటారిస్టు బ్లూస్ రాక్ ఆల్బమ్ పని నాకు అప్పగించారు.

శామ్యూల్ పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఆదివారాలు చర్చిలో వాయించేవాడు. నలభై దాటాక సొంత బ్యాండు పెట్టాడు. బేస్ గిటారు వాయించే సుధ దువ్వాడలో ఫిజిక్స్ లెక్చరర్. డ్రమ్మర్ నూకరాజు సముద్రం మీద వేటకెళ్లే మనిషి. చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఏటా ఉండే వేట నిషేధం వల్ల అతను ఒడ్డున ఉన్న రెండు నెలల్లోనే ఆ బ్యాండు పుట్టింది. నిషేధం ముగియడానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఏడు పాటలూ ఆలోపే పూర్తి కావాలి. బోటెక్కాక నూకరాజు మళ్లీ ఎప్పుడు దొరుకుతాడో చెప్పలేం.

మా పద్ధతి ప్రకారం ఒక్కో వాయిద్యాన్నీ విడిగా రికార్డు చేస్తాం. లయ తప్పకుండా హెడ్‌ఫోన్లలో క్లిక్ వినిపిస్తాం, అంటే గడియారంలా టక్కుటక్కుమనే చప్పుడు. పొరపాటొస్తే ఆ ముక్క మాత్రం మళ్లీ వాయించి అతికించవచ్చు. మొదటి రోజంతా అలాగే చేశాం. ఒక్క తప్పూ రాలేదు, ఒక్క పాటా బాగా రాలేదు.

సాయంత్రం నూకరాజు హెడ్‌ఫోన్లు తీసేశాడు. “ఇదేటి మేడమ్, ఈ టక్కుటక్కు ఇంటంటే నా సెయ్యి ఆడట్లేదు. నాను శామ్యూల్ బావ భుజం సూసి కొడతాను. ఇక్కడ గోడ సూత్తన్నాను” అన్నాడు.

మర్నాడు ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టాను. మా మేనేజరు ఒప్పుకోలేదు. అలా చేస్తే అన్ని శబ్దాలూ అన్ని మైకుల్లోకీ పోతాయి, తర్వాత దిద్దడం కుదరదు. ఆ సంగతి నాకూ తెలుసు. బాధ్యత నాదేనని చెప్పి క్లిక్ ఆపేశాను. మొదటి పాట మొదలవగానే నా చేతుల మీద రోమాలు లేచాయి. ఆ రోజే నాలుగు పాటలు అయిపోయాయి!

మూడో రోజు చివరి పాట మధ్యలో శామ్యూల్ గిటారు తీగ ఒకటి ఫట్టున తెగింది. రూలు ప్రకారం నేను రికార్డింగు ఆపాలి. కానీ సుధ ఆగలేదు, అదే వరస మళ్లీ మళ్లీ వాయిస్తూ నిలబడింది. నూకరాజు దెబ్బ తగ్గించాడు. శామ్యూల్ మిగిలిన ఐదు తీగలనూ ఒకసారి చూసుకుని మంద్ర స్థాయిలో అందుకున్నాడు. రిహార్సల్‌లో ఎప్పుడూ వాయించనిది ఏదో మొదలుపెట్టాడు. గిటారు గుర్రుమంది. నూకరాజు ఒక్క కేక వేసి డ్రమ్ముల మీద పడ్డాడు. కంట్రోల్ రూములో నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

పాట అయ్యాక శామ్యూల్ తీగ మార్చి మళ్లీ వాయిస్తానన్నాడు. “ముందు విను” అని స్పీకర్లలో పెట్టాను. తల వంచుకుని చివరిదాకా విన్నాడు. “ఇది నానేనా మేడమ్?” అని పకపకా నవ్వాడు. కేక కూడా తీయొద్దని సుధ పట్టుబట్టింది.

ఆల్బమ్‌లో ఆ పాటనే మొదట పెట్టారు. నూకరాజు అది బోటులో ఫోన్లో విన్నాడట.

ఆ తర్వాత నా సర్వీసులో మిగిలిన ఏడాదంతా ఏ బ్యాండు వచ్చినా మొదటి గంట రికార్డు చేయలేదు. వాళ్లను మామూలుగా వాయించుకోమని చెప్పి, గదిలో ఒక మూల కూర్చుని, ఎవరు ఎవరిని చూసి వాయిస్తున్నారో గమనించాను. మైకులు ఎక్కడ పెట్టాలన్నది ఆ గంట గడిచాకే తేల్చుకున్నాను.