అమ్మకు బదులు నేను పలికిన పేరు

మా అమ్మకు ఉబ్బసం. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో, గనివాళ్ల లైన్ల ఇళ్ల పక్కన మాకు కిరాణా కొట్టు ఉండేది. గనులు మూతబడ్డాయి, నాన్న పోయాడు, కొట్టు ఎత్తేశాం. అయినా కొట్టు వెనకున్న ఇల్లు మాత్రం అమ్మ వదల్లేదు. ఆషాఢం గాలి లేస్తే బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీది దుమ్ము నేరుగా ఆ ఇంట్లోకే వస్తుంది. కిటికీలకు తడిగుడ్డలు కట్టినా అన్నంలో ఇసుక తగిలేది.

ఆ ఏడాది పదిహేను రోజులపాటు అమ్మ నడుం వాల్చలేకపోయింది. ఒళ్లో రెండు దిండ్లు పెట్టుకుని, వాటి మీదికి వంగి కునికేది. పది రోజులైనా దుమ్ములేని చోటికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. రాయల్పాడులో పిన్నికి మామిడితోట ఉంది, తోటలో రెండు గదుల ఇల్లుంది. కోతలు అయిపోయాయి, ఇప్పుడంతా ప్రశాంతంగా ఉంటుంది, రమ్మంది పిన్ని. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, మా పాత కారులో అమ్మను ఎక్కించుకున్నాను. మందును ఆవిరి చేసి ముక్కుకు పట్టించే నెబులైజర్‌ను వెనక సీట్లో పెట్టాను.

బేతమంగళ చెరువు దగ్గర అమ్మ అద్దం దించి చల్లగాలి పీల్చుకుంది. ముళబాగిలులో ఆంజనేయస్వామి గుడి ముందు ఆపమంది. ఎండెక్కుతోందని నేను ఆపలేదు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు మొక్కని దేవుడు లేడు. ఆ తర్వాత నేను మొక్కడం మానేశాను. అమ్మ సీట్లోంచే చేతులు జోడించింది.

ఊరు దాటిన కాసేపటికి రోడ్డు పనులు మొదలయ్యాయి. లారీలు లేపే ఎర్రదుమ్ములో ముందేముందో కనబడలేదు. అద్దాలు ఎత్తేశాను. ఇంతలో ఇంజనులోంచి పొగ వచ్చి, ఏదో పల్లె మొదట్లో బండి ఆగిపోయింది. దుమ్ములో తలుపు తీయడానికి లేదు, తీయకపోతే లోపల ఉక్క. అమ్మకు ఆయాసం మొదలైంది. నోట్లోకి మందు కొట్టుకునే పంపు రెండుసార్లు కొట్టుకుంది, ఇంకోసారి కొట్టుకుంది. తగ్గలేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే గంట పైనే పడుతుందన్నారు.

నెబులైజర్ పట్టుకుని దగ్గరున్న ఇంటికి పరిగెత్తాను. వాకిట్లో ఒకామె పట్టుపురుగులకు ఆకు తరుగుతోంది.

"అక్కా, మా అమ్మకు ఊపిరాడలేదు. ఒక్క ప్లగ్గు కావాల."

"కరెంటు లేదమ్మా. మూడు గంటలకు గానీ రాదు."

అప్పుడు ఒంటిగంటయింది. చేతిలో మందు ఉంది, మిషను ఉంది, ఏం లాభం? ఆమె కత్తిపీట పక్కన పెట్టి లేచింది.

"పాల డైరీలో ప్లగ్గుండే బ్యాటరీ ఉండాది, పాలు చూసే మిషనుకు పెట్టినారు. బీగంచెవి మా బావ దగ్గరుండాది, చేనికి పోయినాడు. నేను బిర్నా పోయి తెస్తా. నువ్వు మీయమ్మ దగ్గరుండు."

ఆమె గట్ల వెంట పరుగున పోవడం చూసి కారు దగ్గరికి వచ్చాను. అమ్మ పెదవులు నీలంగా మారుతున్నాయి. ఒక్కో ఊపిరికీ మెడ నరాలు లేస్తున్నాయి. పెదవులు మాత్రం కదులుతున్నాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను. రామనామం. 'రా' అన్నాక రెండో అక్షరానికి ఊపిరి చాలడం లేదు.

నా మణికట్టు పట్టుకుంది. "నువ్వు... చెప్పు."

"అమ్మా, గమ్మునుండు. మాట్లాడొద్దు."

"నువ్వు చెప్పు," అంది మళ్లీ.

చెప్పాను. మొదట కోపంగానే చెప్పాను. నాన్నను తీసుకుపోయావు కదా, ఈమెనన్నా వదులు అని లోపల తిట్టుకుంటూ "రామా, రామా" అన్నాను. తర్వాత తిట్టడానికి కూడా ఓపిక పోయింది. ఆ పేరు తప్ప నోట్లోకి మరో మాట రాలేదు. నేను ఆపితే అమ్మ ఊపిరి కూడా ఆగుతుందేమోనని ఎంతసేపో ఆపకుండా అంటూనే ఉన్నాను. అంత భయం నేను ఎన్నడూ ఎరగను.

ఆ ఇంటామె తాళంచెవితో పాటు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చింది. అమ్మను అందులో కూర్చోబెట్టి, చెరోపక్కా పట్టుకుని డైరీ దాకా మోశాం. మందు పోస్తూ సగం ఒలికించాను, మిషను గుర్రుమంటూ మొదలైంది. ఆమే నా చేతిలోంచి మాస్కు తీసుకుని అమ్మ ముఖానికి పెట్టింది. రెండోసారి మందు పోశాక అమ్మ పెదవులకు రంగు వచ్చింది. నేను పాలక్యాన్ల మధ్య నేల మీద కూలబడ్డాను.

సాయంత్రం బాబాయి వచ్చి, దారిలో ఆసుపత్రిలో చూపించి, మమ్మల్ని తోటకు తీసుకుపోయాడు. అమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. నాకు మాత్రం రెండు రోజులు నిద్ర లేదు. ఊపిరి ఆడుతోందా అని ఆమె ఎదవైపు చూస్తూ కూర్చున్నాను.

మూడోరోజు అమ్మ అంది: "నువ్వు పిలిచినావు కాబట్టి పలికినాడు."

"అది డైరీ బ్యాటరీ అమ్మా. ఆయమ్మ తెచ్చిన బీగంచెవి."

"సరే. ఆయమ్మ పేరన్నా అడిగినావా?"

అడగలేదు. తోట విడిచి వచ్చేటప్పుడు, అడుగుదామని ఆ ఊళ్లో ఆగాం. ఇంటికి తాళం వేసి ఉంది. పట్టుగూళ్లు అమ్మడానికి పోయారన్నారు పక్కింటివాళ్లు.

అమ్మ ఇప్పుడు ఏటా గాలిరోజులన్నీ పిన్ని దగ్గరే ఉంటోంది. నేనే దింపి వస్తాను. ముళబాగిలు దాటినప్పటి నుంచి తోట గేటు కనబడేదాకా నేను పెదవి విప్పి మాట్లాడను. లోపల ఏ పేరు అనుకుంటున్నావని అమ్మ అడగదు.