ఆగే పాట

మా మేడ మీద కిరాయికి ఉన్న అతను రెగ్గే గాయకుడు. ఆ విదేశీ బాణీలకు తెలుగు మాటలు తానే కట్టేవాడు. పాడుతుండగా శంషాబాద్‌లో దిగే విమానం నెత్తి మీదికి వస్తే, వేలెత్తి "జర ఆగుండ్రి" అనేవాడు. మోత పోయాక, ఆపిన అక్షరం దగ్గరే అందుకునేవాడు. ఇన్నేళ్లలో ఇంకోసారి పాడమని ఎవరూ అడగలేదు. అదొక్కటే అతని దిగులు.

మా మేనకోడలి పెళ్లి ఊరేగింపులో, బరాత్‌లో, నేనే పాడించాను. విమానం వచ్చింది, వేలు లేచింది. ఆడుతున్నవాళ్లంతా ఒంటికాలి మీద బిగుసుకుపోయారు. మోత తగ్గగానే ఒక్కసారిగా ఎగిరారు. ఆట అదే అనుకున్నారు పాపం.

పాట అయ్యాక పెళ్లికొడుకు మేనమామ చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"అన్నా, ఆ ఆగే పాట ఇంకోసారి పాడరాదే!"

"ఆగే కాదన్నా, రెగ్గే."

"నేననేది గదేనే, ఆగే!"

అతను నా వైపు తిరిగాడు. "ఏంది బాపు, గిట్లంటడు?"

"ఇంకోసారి అన్నడు గద" అన్నాను.

అతని ముఖం విప్పారింది. మళ్లీ అందుకున్నాడు. జనం కాలెత్తడానికి సిద్ధంగా ఉన్నారు. పల్లవి అయింది, చరణం అయింది, విమానం మాత్రం రాలేదు. అతను ఓసారి పైకి చూసి, ఖాళీ ఆకాశానికే వేలెత్తాడు.