ముద్దకోసారి

ముద్ద నోట్లో పెట్టుకుంటాడు, తలెత్తి చూస్తాడు. ఇంకో ముద్ద, మళ్ళీ తలెత్తుతాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన భోజనం ఇలాగే సాగుతోంది.

ఎదురుగా బాయిలర్ మీటరు. అందులో ముల్లు ఎర్రగీత దాటకూడదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీకి కావలసిన ఆవిరంతా ఈ గదిలోనే పుడుతుంది. దాన్ని వదిలి వెళ్ళడానికి లేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే తక్కినవాళ్ళంతా బయట పొడుగాటి బల్ల చుట్టూ చేరతారు. వాళ్ళ నవ్వులు గోడ దాటి వస్తాయి. దేనికి నవ్వారో ఆయనకు తెలియదు.

అందరిలాగే ఆయనకూ ఆ అరగంట భోజనం వేళకు జీతం లేదు.

ఆ సంగతి పట్టుకున్నది ఇస్త్రీ అక్క. ఆవిరి తగ్గిందని చెప్పడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి ఆయన తినడం చూసింది. అటునుంచి అటే మేనేజరు గదికి వెళ్ళింది.

"మావయ్య తింటున్నాడా, కాపలా కాస్తున్నాడా?"

"తింటున్నాడు."

"ముద్దకోసారి మీటరు చూస్తున్నాడు. అది పని కాదా?"

"తిన్నందుకు కూడా జీతమిస్తే ఇక నేను పస్తుండాలి."

"మీరు ఫోన్లో మాట్లాడుతూ తింటారుగా. మీకు జీతం కోస్తున్నారా?"

మేనేజరు ఆయన్ని పిలిపించాడు.

"చూడు పెద్దాయనా. బాయిలర్ దగ్గరే తింటానంటే ఆ అరగంటకీ జీతం రాస్తా. వద్దంటే వ్యాన్ డ్రైవర్ వచ్చి కూర్చుంటాడు, నువ్వు బయట తిను. అప్పుడు జీతం ఉండదు. ఇవాళ బయట తిని చూడు. రేపు పొద్దున చెప్పు."

ఆ మధ్యాహ్నం ఆయన బాయిలర్ దగ్గర డ్రైవర్‌ని కూర్చోబెట్టి, అన్నం డబ్బా పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళాడు. అందరూ జరిగి చోటిచ్చారు. ముద్ద పెట్టుకుని తలెత్తాడు. ఎదురుగా ఇస్త్రీ అక్క మొహం. ఇంకో ముద్ద. మళ్ళీ ఆమె మొహమే.

"ఏంటి మావయ్యా, నా నుదుటి మీద ముల్లేమైనా తిరుగుతోందా?"

బల్లంతా గొల్లుమంది. ఆయనా నవ్వాడు. దేనికి నవ్వారో ఈసారి తెలిసింది. కానీ ఆ తర్వాత కళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గబగబా తినేసి డబ్బా మూసేశాడు. ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. వాళ్ళు పిల్లల జ్వరాల గురించి, ఇంటి అద్దెల గురించి మాట్లాడుకుంటున్నారు. మధ్యలో ఒక మాట అందామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆ మాట అనేలోపే బెల్లు మోగింది.

సాయంత్రం ఇంట్లో స్టవ్వు వెలిగించాడు, వండుకున్నాడు, కింద కూర్చున్నాడు. ముద్ద పెట్టుకుని తలెత్తాడు. ఎదురుగా సున్నం పెచ్చులూడిన గోడ.

భార్య ఉన్నప్పుడు దీనికే కసిరేది. "అక్కడేముందని చూస్తావు? నేనిక్కడున్నాను." అప్పుడు ఆమె వైపు తిరిగేవాడు. రెండు ముద్దలకు మళ్ళీ కళ్ళు గోడమీదికే పోయేవి. ఆమె పోయి ఆరేళ్ళయింది. గోడకేసి చూసినా ఇప్పుడు కసిరేవాళ్ళు లేరు. కంచంలో సగం అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన వెళ్ళి మేనేజరు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"బయటే తింటానండీ."

"జీతం రాదు మరి."

"తెలుసండీ."

ఇస్త్రీ అక్క వినేసింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. "నీకోసం నేను నోరు నొప్పెట్టేలా కొట్లాడితే, వచ్చిన జీతం కాలదన్నుకుంటావా? నీకేమైనా మతి పోయిందా మావయ్యా?"

ఆయన బాయిలర్ గదికి వెళ్ళి డ్రైవర్‌కు మీటరు మళ్ళీ చూపించాడు.

"ముల్లు ఈ గీత దాటకూడదు. ముద్దకోసారి తలెత్తి చూడు."

"నేను తినేసి వస్తాగా మావయ్యా."

"అయితే ఊరికే చూస్తూ ఉండు."

గదిలో ఉన్నది ఒక్కటే స్టూలు. దాన్ని ఎత్తుకుని బయటికి నడిచాడు.

"మరి మధ్యాహ్నం నేను దేనిమీద కూర్చోను?" వెనకనుంచి డ్రైవర్ అరిచాడు.

ఆయన వినిపించుకోలేదు. స్టూలును బల్ల చివర, ఇస్త్రీ అక్క కూర్చునే చోటికి ఎదురుగా వేశాడు. భోజనం బెల్లుకు ఇంకా నాలుగు గంటలున్నాయి.