పెంటయ్య రెండు మూరల లెన్స్

భవాని పేట్‌లో పెంటయ్య మూర వేసి చూడకుండా ఏ వస్తువూ కొనడు. మోచేతి నుంచి నడివేలి కొన దాకా అతని చెయ్యే అతని టేపు. మగ్గం మీద చద్దర్లు కొలిచి కొలిచి పట్టిన అలవాటు. ఫ్రిజ్‌కూ వేశాడు, పెసరట్టుకూ వేశాడు. పెళ్లిచూపుల్లో తనను కూడా కొలిచాడని భార్య సావిత్రికి ఇప్పటికీ అనుమానమే. మగ్గం మానేసి పెళ్లి ఫోటోలు తీస్తున్నా ఆ మూర మాత్రం మానలేదు.

ఇప్పుడతనికి సన్న గీతలను కూడా పెద్దగా చూపే మాక్రో లెన్స్ కావలసి వచ్చింది. సావిత్రి మేనకోడలు ప్రాజక్త పెళ్లికూతురు. అడిగింది ఒక్కటే.

"మామా, నానమ్మ నాకు పసుపు పెట్టంగ ఆమె చేతులు గీతలతో సహా కనవడాలె."

నానమ్మ చంద్రభాగ, అంటే సావిత్రి తల్లి, బతుకంతా బీడీలు చుట్టిన మనిషి. వేళ్లు నల్లబడి పగిలాయి. కెమెరా కనిపిస్తే చాలు, చేతులు కొంగులోకి పోతాయి. ఫోటో అంటే పసుపుకే రానంది. నానమ్మ రాకపోతే పసుపే వద్దని ప్రాజక్త భీష్మించుకు కూర్చుంది.

కొంతం చౌక్‌లో కెమెరాల దుకాణం హరీశ్ ఒక చిన్న లెన్స్ చూపించాడు.

"కాకా, ఇది మస్తుంటది. చీమ కాళ్లు గూడ కనవడ్తయ్."

పెంటయ్య కౌంటర్ మీద చద్దరు ముక్క పరిచి, లెన్స్ ఎంత దూరంలో ఉంటే పోగులు స్పష్టంగా కనిపిస్తాయో చేత్తో కొలిచాడు.

"జానెడు దూరంల నిలవడాలె. వద్దు."

హరీశ్ ఇంకోటి తీశాడు.

"ఇది మూరెడు. వద్దు."

"కాకా, లెన్స్‌లు మిల్లీమీటర్లల్ల వస్తయ్, మూరలల్ల రావు."

"నా చెయ్యి మూరలనే వచ్చింది గద."

పెళ్లి ముంచుకొచ్చేసరికి, పెంటయ్య కనిపిస్తే షట్టర్ దింపేసే స్థితికి వచ్చాడు హరీశ్. చివరికి ఎవరో అమ్ముకున్న పాత పొడుగాటి లెన్స్ ఒకటి బయటికి తీశాడు. పెంటయ్య రెండు మూరలు వేసి, కన్ను పెట్టాడు. చద్దరు పోగులు ఒక్కొక్కటే లేచి కనిపించాయి.

"కట్టియ్యి."

వెంట వచ్చిన సావిత్రి దారిలో మండిపడింది. "ఏందయ్యా, కొత్తయి ఇడిశిపెట్టి ఈ రోకలిబండ తెచ్చినవు. రెండు మూరలే ఎందుకు?"

"అంతకంటె దగ్గరికి పోతె అత్తమ్మ చేతులు దాస్కుంటది. ఆమె బీడీలు చుట్టంగ కూసొని కొలిచిన."

సావిత్రికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. లెన్స్ సంచి తన భుజానికి తగిలించుకుంది.

దగ్గరికి రానని, నచ్చకపోతే ఫోటో చెరిపేస్తానని పెంటయ్య మాటిచ్చాకే చంద్రభాగ పసుపుకు వచ్చింది. రెండు మూరల అవతల నిలబడి తీశాడు. కెమెరా తెచ్చి ఆమెకు చూపించాడు. పగుళ్ల నిండా పసుపు, మనవరాలి చెంప మీద ఆ వేళ్లు బంగారంలా ఉన్నాయి.

చంద్రభాగ చాలాసేపు చూసింది. తర్వాత అందరి ముందూ రెండు చేతులూ చాపింది.

"గంత దూరం నిలవడ్డవేంది అల్లుడా? దగ్గరికొచ్చి మంచిగ తియ్యి."

ఆ లెన్స్‌కు రెండు మూరల కంటే దగ్గరివి కనపడవు. పెంటయ్య వెనక్కి జరుగుతుంటే, చంద్రభాగ చేతులు చాపుకుంటూ ముందుకు వస్తూనే ఉంది.